నొప్పి ఎడమ, విరిగింది కుడి

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బావమరిది ఇల్లు మారుతున్నాడు. కొత్త ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బీరువాకు ఒక కొస పట్టమని పిలుపు రాకముందే టైలరు ఎడమపాదం పట్టుకుని "అబ్బా" అన్నాడు. ఇస్త్రీపెట్టె కాలిమీద పడిందన్నాడు.

భార్య వేడినీళ్ళ కాపడంతో సరిపెడుతుందనుకుంటే, ఇల్లు మారుతున్న ఆ తమ్ముణ్ణే ఆటో తెమ్మంది.

ఆసుపత్రి మెట్ల మీద టైలరు ఎడమకాలు పైకెత్తి గెంతుతూ ఎక్కాడు. ఒక మెట్టు తప్పింది. కుడిపాదం మునివేళ్ళ దగ్గర మడతపడి, ఒంటి బరువంతా దాని మీదే కూలింది. ఈసారి "అబ్బా" కాదు, అసలు గొంతే రాలేదు.

"నెమ్మది బావా! దెబ్బ తగిలిన కాలు నేను పట్టుకున్నాలే," అంటూ బావమరిది ఎడమకాలిని పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు.

"అది కాదురా..."

"మరేది?" అంది భార్య.

టైలరు ఆలోచించాడు. "ఏం లేదు."

ఎముకల డాక్టరు ఎడమపాదం నడుమ నొక్కాడు. సరిగ్గా అప్పుడే కుడికాలు బల్లకు తగిలి టైలరు కేక పెట్టాడు. డాక్టరు తలాడించాడు.

"పాదం మధ్య ఎముకలై ఉంటాయి. పడుకోబెట్టి ఎక్స్‌రే తీస్తే దెబ్బ దొరక్కపోవచ్చు. బరువు మోపి నిలబడితే ఎముకల మధ్య సందు బయటపడుతుంది. రెండు పాదాలూ తీద్దాం, పోల్చి చూడాలిగా."

"విరిగిన కాలి మీద నిలబెడతారా! ఇదెక్కడి వైద్యమండీ?" అంది భార్య.

నిలబెట్టారు. ఫిల్ము చూసిన డాక్టరు నొసలు ముడిచాడు. "ఎడమది శుభ్రంగా ఉంది. కుడిపాదంలో ఎముక విరిగింది."

"నొప్పి ఎడమైతే కుడెలా విరుగుతుందండీ? ఫిల్ము తిరగేసి పట్టుకున్నారేమో!"

డాక్టరు తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. కుడి ఎడమ గుర్తులేమైనా తారుమారయ్యాయా అని పక్కగదిలోకి కేకేశాడు. ఈలోగా బావమరిది ఎడమకాలి ప్యాంటు మోకాలిదాకా మడిచేశాడు. నర్సు కట్టు తడిపింది.

మంచి కాలికి కట్టు పడి, విరిగిన కాలు అలాగే మిగిలేట్టుంది. ఇక మిషను తొక్కినట్టే! టైలరు పరువు వదిలేసుకున్నాడు.

"ఎడమకాలికి ఏమీ కాలేదు! బీరువా మోయలేక నాటకమాడాను! విరిగింది కుడికాలే, మీ మెట్ల మీదే!"

బావమరిది కళ్ళు చెమర్చాయి. "విన్నావా అక్కా? డాక్టరుగారి మాట పోకూడదని నింద తనమీద వేసుకుంటున్నాడు!"

"నొప్పి తలకెక్కిందిరా. రాత్రికి కాస్త నిద్రపట్టేలా ఏమైనా ఇవ్వండి డాక్టరుగారూ," అంది భార్య కళ్ళొత్తుకుంటూ.

డాక్టరు కుడిపాదం ఎత్తి చూశాడు. అరికాలి నడుమ వంకాయ రంగులో కమిలి ఉంది. "ఇంకేం అనుమానం లేదు. విరిగింది ఇదే. వాపు తగ్గాక ఆపరేషను కూడా అవసరం కావచ్చు," అన్నాడు.

విరిగిన కాలికి కట్టు వేశారు. చెప్పిన నిజానికి నిద్రమాత్ర రాశారు.