ఏడో తొట్టి పగులుకు జేజేలు

పగుళ్ళు చెడ్డవని ఎవరన్నారండీ? ఇనుముకు పగులు రావడం మహాభాగ్యం! పగలని ఇనుము వంక ఏ మేనేజరైనా ఏనాడైనా కన్నెత్తి చూశాడా?

నమ్మకపోతే మా వదిన సంగతి వినండి. పార్కులో జెయింట్ వీల్ తనిఖీ చేయడం ఆవిడ ఉద్యోగం. ఇనుముకు ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే చాలు, దాక్కున్న పగులు ఎర్రగీతై బయటపడుతుంది. అది ఎన్ని తిప్పులకు ఎంత పెరుగుతుందో ముందే లెక్కగట్టి చెబుతుంది. జ్యోతిషమే! కాకపోతే ఈవిడ స్కేలు పెట్టి కొలుస్తుంది.

ఏడో నంబరు తొట్టిని వేలాడదీసే కడ్డీకి ఓసారి మూడు మిల్లీమీటర్ల గీత కనిపించింది. నెల తిరిగేసరికి నాలుగైంది. అంతే, వదిన దశ తిరిగింది! అంతవరకూ ఆవిడ మొహమైనా గుర్తుపట్టని మేనేజరు స్వయంగా కుర్చీ లాగి వేశాడు. కాఫీ! బిస్కెట్లు!

"ఎంతదాకా పర్లేదమ్మా?"

"పన్నెండుకి తెగిపోతుంది సార్."

మేనేజరు మొహం చాటంతయింది. "నెలకి ఒకటి చొప్పున ఇంకా ఎనిమిది నెలలు! బ్రహ్మాండం!"

"అది మన జీతం కాదు సార్, ఏటా ఇంతని పెరగడానికి. పుకారు లాంటిది. పెరిగేకొద్దీ జోరందుకుంటుంది. నా లెక్కకి రెండే నెలలు. ఇవాళే ఆపేయాలి."

"రెండు నెలలుందని మీరే అంటున్నారుగా! సెలవుల రద్దీ తగ్గాక చూద్దాం."

చూశారా, ఎంత చక్కటి శాస్త్రమో! ఎప్పుడు తెగుతుందో చెబితే, అప్పటిదాకా తెగదని హామీ ఇచ్చినట్టే!

వదిన కాఫీ కప్పు కింద పెట్టింది. "సరే సార్. అప్పటిదాకా మీ బల్లా కుర్చీ ఏడో తొట్టిలో వేయిస్తాను. పైనుంచి పార్కంతా కనిపిస్తుంది."

గంటలో చక్రం ఆగింది. సాయంత్రానికి కొత్త కడ్డీ బిగించారు! పాతదాన్ని వర్క్‌షాపులో యంత్రానికి తగిలించి అంతే బరువుతో ఊపితే, వదిన చెప్పిన లెక్కకి నాలుగు వందల తిప్పులు ముందే పుటుక్కుమంది. ఆ రోజు ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు మేనేజరు పిలిచి చల్లగా చెప్పాడు. "కొత్తదానికి పగులు లేదుగా. ఇంక తనిఖీ ఎందుకమ్మా?"

ఇప్పుడు వదిన నెలకోసారి టికెట్టు కొనుక్కుని, క్యూలో నిలబడి, అడిగి మరీ ఏడో తొట్టి ఎక్కుతుంది. చక్రం పైకి లేవగానే జనమంతా కిందకి చూస్తూ కేరింతలు కొడతారు. ఆవిడ ఒక్కతే భూతద్దం పట్టుకుని పైకి చూస్తూ కూర్చుంటుంది.