గడ్డం కింద తగలని ఎండ

నవ్వండి, నవ్వండి. క్యాంటీన్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుంటున్నారు. "ఏం పౌడరు గురూ, బంగారంలా మెరిసిపోతున్నావ్" అని క్యాషియర్ అడగనే అడిగాడు. ఇది పౌడరు కాదు. పౌడరు కథ వేరే ఉంది. టీ చెప్పండి, వినిపిస్తాను.

మా ఆవిడ మేకప్ ఆర్టిస్టని మీకు తెలుసుగా. మేడ మీద గదే ఆవిడ దుకాణం. అందులో నిలువుటద్దం ఉంది, దీపాలున్నాయి, తిరిగే కుర్చీ ఉంది. కారే కప్పు కూడా ఉంది. పోయిన వానాకాలం ఒక పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని కూర్చుంటే పైనుంచి చుక్క సరిగ్గా కంటి మీద పడి, కాటుక గడ్డం దాకా ప్రయాణం చేసింది. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. వాళ్ళ చుట్టాలెవరూ కూడా రాలేదు.

ఈసారి రాబోయేది టీవీలో వార్తలు చదివే మేడమ్. వేసవి కార్యక్రమమేదో మొదలుపెడుతున్నారట. సముద్రం ఒడ్డున హాయిగా తిరిగొచ్చినట్టు మొహానికి బంగారు ఛాయ రావాలట, పూసినట్టు మాత్రం తెలియకూడదట. ఆవిడకి నచ్చితే స్టూడియో పనంతా మా ఆవిడదే.

"ఏమండీ, మీకెలాగూ సెలవులేగా. మేడమ్ వచ్చేలోగా డాబా మీద నెర్రెలు పూడ్చి తెల్లపూత వేసెయ్యండి. ఇది చెయ్యిజారిందంటే ఇంకలాంటి పని నాకు రాదు" అంది.

"దానిదేముంది, ఎడమచేత్తో వేస్తాను."

"కుడిచేత్తోనే వెయ్యండి. అసలంటూ వెయ్యండి."

రోజూ ఆవిడ పెళ్ళిళ్ళ మేకప్పులకి బయల్దేరగానే నేను మెట్లెక్కేవాణ్ణి. సగం మెట్ల దగ్గర ఎండ ఎదురొచ్చేది. ఎదురొచ్చిన పెద్దమనిషిని తోసుకుపోవడం మర్యాద కాదని వెనక్కొచ్చి ఫ్యాను కింద పడుకునేవాణ్ణి. పూతడబ్బా నా మంచం కిందే ఉండేది.

సాయంత్రం "ఎంతవరకు వచ్చింది?" అనడిగితే సగం అన్నాను, ముప్పావు అన్నాను, ఆఖరికి అయిపోయిందని కూడా అనేశాను.

ఆవిడ నా మొహాన్ని పరీక్షగా చూసింది. "ఇన్నాళ్ళు ఎండలో నిలబడ్డ మనిషి పాలిపోయి ఉన్నారేంటి?"

"నా ఒంటి తత్వం అంతే. రంగు రేపటికిగానీ తేలదు."

అన్నాక తేలాలి కదా. మర్నాడు, మేడమ్ వచ్చే రోజు, మా ఆవిడ స్నానానికి వెళ్ళగానే మేడ గదిలో దూరాను. బంగారు పొడి డబ్బా, కుచ్చు బ్రష్షు తీసుకుని నుదురు, బుగ్గలు, చెవులు, గడ్డం కింద, మెడ చుట్టూ ఎక్కడా వదలకుండా పట్టించాను. డాబాకి ఒక్కసారీ వెయ్యని పూత మొహానికి రెండుసార్లు వేశాను. మేకప్ చేసే మనిషిని మేకప్‌తో మోసం చెయ్యాలనుకున్నాను చూడండి, తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

"రంగు బాగా తేలిందండీ" అంది మా ఆవిడ నన్ను చూసి, అంతే. బతికిపోయాననుకున్నాను.

మేడమ్ వచ్చింది. నేను కాఫీ పట్టుకుని వెళ్ళేసరికి మా ఆవిడ పని మొదలుపెట్టి చెబుతోంది. "ఎండ ముందు తాకే చోటే ఈ రంగు పడాలండీ. నుదురు, చెక్కిళ్ళ పైభాగం, ముక్కు దూలం. అంతటా ఒకేలా పూస్తే గోడకి సున్నం కొట్టినట్టుంటుంది. గడ్డం కింద అసలు వెయ్యకూడదు. అక్కడికి ఎండ రాదు."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను గడ్డం దించేసుకున్నాను.

అంతలో కిటికీ నల్లబడింది. ఎక్కడో ఉరిమింది. తలెత్తి చూస్తే, కప్పు మీద పాత తడి మరక సరిగ్గా మేడమ్ నెత్తి మీద ఉంది.

"కుర్చీ కాస్త ఇటు జరుపుదామా?" అన్నాను.

"వెలుతురు ఇక్కడే బాగుంది. పూత వేశారుగా, భయమెందుకు?" అంది మా ఆవిడ.

చినుకులు మొదలయ్యాయి. ఆ బంగారు ఛాయ కుదరడానికి మా ఆవిడ ఎన్నిసార్లు కలిపి, తుడిచి, మళ్ళీ కలిపిందో నాకు తెలుసు. నా మీద నాకే అసహ్యం వేసింది. నిజం చెబితే మేడమ్ ముందు ఆవిడ పరువు పోతుంది, చెప్పకపోతే పనే పోతుంది.

"బట్టలు ఆరేశాను" అని గొణిగి, బండి మీద కప్పే ప్లాస్టిక్ పట్టా లాక్కుని జోరువానలో డాబా ఎక్కాను.

డాబా తెల్లగా మెరిసిపోతోంది. ఒక్క నెర్రె లేదు. పడ్డ నీళ్ళు పడ్డట్టు తూములోకి పోతున్నాయి. పట్టా పట్టుకుని అలాగే తడుస్తూ నిలబడిపోయాను.

కిందకి దిగాను. "ఎలా ఉందండీ డాబా?" అంది మా ఆవిడ, బ్రష్షు ఆపకుండా.

"తెల్లగా ఉంది."

"మీరు వేసిందేగా, కొత్తగా చూసినట్టు చెబుతారేం?"

మేడమ్ అద్దంలోంచి నన్ను చూసింది. బంగారమంతా చారలు చారలుగా చొక్కా కాలరులోకి కారుతోంది. "ఎవరండీ ఈయన?"

"మావారు. పూత పని చేస్తున్నారు."

"మొహానికా?" అని నవ్వి, తన మొహం తిప్పి తిప్పి చూసుకుంది. వెళ్తూ మా ఆవిడని స్టూడియోకి రమ్మంది.

కారు కదిలాక అడిగాను, ఎప్పుడు వేయించావని.

"ఊడుస్తుంటే డబ్బా చీపురుకి తగిలింది, మూత కూడా తియ్యలేదు. మధ్యాహ్నంపూట పెయింటర్ని పంపాను. మీ నిద్ర చెడకుండా చెప్పులు బయట విప్పి, మంచం కిందనుంచే డబ్బా పట్టుకెళ్ళాడు. ఖాళీ డబ్బా మళ్ళీ అక్కడే పెట్టాడు. పైదాకా మీ గురక వినబడిందట."

"ముందే చెప్పొచ్చుగా. ఆ ఉరుములకి నా పైప్రాణాలు పైనే పోయాయి."

"నాకు మీరు అబద్ధం చెప్పిన రోజునుంచీ పోతూనే ఉన్నాయి. మీక్కూడా కాసేపు తెలియాలనిపించింది."

అప్పుడు కొత్త డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ప్రహరీగోడ మిగిలింది. ఎండలో వెయ్యండి."

వేశాను, లోపలా బయటా. రోజూ సాయంత్రం ఆవిడ నా గడ్డం పట్టుకుని పైకెత్తేది. మొదటి రోజు ముద్దొచ్చానేమోనని కళ్ళు కూడా మూసుకున్నాను. తనిఖీ అది.

ఇంకా నమ్మకం లేదా? కాస్త జరగండి, తలెత్తుతాను. ఇదిగో, గడ్డం కింద చూసుకోండి.