ఒక జెన్యూన్ స్టూలు కోసం

ఆ ఉదయం కాఫీ గ్లాసు కింద పెడుతూ, ఈరోజు ఎలాగైనా ఒక జెన్యూన్ హోల్‌సేల్ సప్లయర్‌ని పట్టుకుని తీరతానని ఆయన ప్రకటించాడు. భార్య అప్పుడు వంటింట్లో బోర్లించిన బకెట్ మీద నిలబడి, అటక మీది డబ్బాని వేలికొసలతో ముందుకు లాక్కుంటోంది. "పట్టుకుందురుగాని, ముందు ఈ బకెట్ పట్టుకోండి" అంది. ఆయన పట్టుకోలేదు. ప్రొప్రైటర్లు బకెట్లు పట్టుకోరు.

ప్రొప్రైటరు అన్నది ఎవరో ఇచ్చిన బిరుదు కాదు. ముందుగది తలుపు మీద ఆయన స్వహస్తాలతో బిగించుకున్న బోర్డు. అంతకుముందు బావమరిది హార్డ్‌వేర్ షాపులో, కౌంటరు వెనక ఒక మడత స్టూలు మీద కూర్చుని మేకులు తూచేవాడు. అక్కడ ఉండగా ఒకసారి, గ్రోసు అంటే కాస్త పెద్ద సైజు డజను కాబోలనుకుని, ఐదు గ్రోసుల మడత స్టూళ్లకు ఆర్డరు పెట్టాడు. గ్రోసు అంటే పన్నెండు డజన్లన్న సంగతి లారీ వచ్చి ఆగాక తెలిసింది. అప్పటినుంచి బావమరిది గోడౌనులో స్టూళ్లకు తప్ప గాలికి కూడా చోటు లేదు.

ఆ సంగతి బావమరిది మరిచిపోలేదు, ఆయన్ని మరిచిపోనివ్వనూ లేదు. ఒకరోజు కొనేవాళ్ల ముందే, "బావా, మీకు స్టూలు మీద కూర్చోవడమే తప్ప స్టూలు అమ్మడం చేతకాదు" అన్నాడు. ఆయన లేచి వచ్చేశాడు. అక్క ముఖం చూసి బావమరిది ఒక మెట్టు దిగాడు. నెలాఖరు దాకా ఆ స్టూలు ఖాళీగా ఉంచుతానన్నాడు. ఈలోగా ఆయన ఆన్‌లైన్ షాపు నుంచి ఒక్కటంటే ఒక్క వస్తువు ఒక్క మనిషి చేతికి చేరితే ఓడిపోయానని ఒప్పుకుంటానన్నాడు. చేరకపోతే మాత్రం బావగారు నోరెత్తకుండా వచ్చి కూర్చుని మేకులు తూచాలి.

నెలాఖరు రేపే.

షాపు పేరు 'సమస్తం'. అందులో ప్రస్తుతానికి ఉన్న సమస్తమూ ఒక మడత స్టూలు ఫొటో. అది ఆయన మేకులు తూచే రోజుల్లో, పని లేనప్పుడు, తను కూర్చునే స్టూలునే నిలబెట్టి తీసిన ఫొటో. స్టూలు మాత్రం లేదు, అక్కర్లేదు కూడా. డ్రాప్ షిప్పింగ్‌లో ఉన్న అందమే అది. కొనేవాడు మనకు ఆర్డరు పెడతాడు, మనం దాన్ని సప్లయర్‌కి పంపిస్తాం, సప్లయర్ సరుకును నేరుగా కొన్నవాడి ఇంటికి పంపిస్తాడు. మనం మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే. ఇదంతా వివరించి చెప్పినప్పుడు భార్య చాలా శ్రద్ధగా విని, "మధ్యలో కూర్చునేది మీరొక్కరేనా, అందరూనా?" అని అడిగింది. అలాంటి అజ్ఞానానికి జవాబివ్వడం దండగని ఆయన ఊరుకున్నాడు.

జెన్యూన్ సప్లయర్‌ని పట్టడం మాత్రం మాటలు కాదు. అడిగిన ప్రతివాడూ సొంత ఫ్యాక్టరీ అనే అంటున్నాడు. గోడౌను వీడియో పంపమని ఆయన పట్టుబట్టాడు. మొదటివాడు పంపిన వీడియోలో అట్టపెట్టెల మధ్య ఒక లావుపాటి మనిషి నడుస్తూ మధ్యలో తుమ్మాడు. రెండోవాడి గోడౌనులోనూ ఒక లావుపాటి మనిషి ఉన్నాడు, ఆయనా తుమ్మాడు. మూడో గోడౌనులో కూడా తుమ్ము వినిపించేసరికి ప్రొప్రైటరు దొంగను పట్టేసినంత సంబరంతో ముగ్గురి పేర్లూ జాబితాలోంచి కొట్టేశాడు.

నాలుగోవాడు వీడియో పంపలేదు. తమది మూడు తరాల ఫ్యాక్టరీ అనీ, లోపల వీడియోలు తియ్యనివ్వమనీ ఫోన్లో గంభీరంగా చెప్పాడు. దాచుకుంటున్నాడంటే దాచుకోదగ్గది ఏదో ఉన్నట్టేనని ప్రొప్రైటరుకి నమ్మకం కుదిరింది. అంతలో అవతల నుంచి పెద్ద కూత వినబడింది.

"ఏంటండీ ఆ శబ్దం?" అని అడిగాడు.

"మెషీన్ సార్. ఇరవై నాలుగు గంటలూ ఆడుతూనే ఉంటుంది" అన్నాడు మూడోతరం.

వంటింట్లోంచి భార్య గొంతు వచ్చింది. "అది మూడో విజిల్. స్టవ్ కట్టెయ్యమనండి, మాడుతుంది."

ఆయన ఫోను స్పీకరు చేత్తో మూసేశాడు. అన్నిటికంటే బలమైన రుజువు ఆ తర్వాత దొరికింది. మూడోతరం పంపిన స్టూలు ఫొటోని తన షాపులోని ఫొటో పక్కన పెట్టి చూస్తే, రెండూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఎడమ కాలి మీద పడిన ఆకుపచ్చ రంగు చుక్కతో సహా. తను అమ్మబోయే స్టూలు చేసేవాడే దొరికాడని ప్రొప్రైటరుకి ఒళ్లు పులకరించింది.

అయినా ఆయన తెలివైనవాడు కదా, ముందు ఒక శాంపిల్ తెప్పించి చూడాలనుకున్నాడు. సాటి వ్యాపారి అని తెలిస్తే మంచి పీసు ఏరి పంపుతారు కాబట్టి, ఆర్డరు భార్య పేరు మీద, ఇంటి చిరునామాకి పెట్టాడు. ఆవిడకి చెప్పలేదు. ఆ మడత స్టూలు రాగానే వంటింట్లో ఆ బకెట్ స్థానంలో నిలబెట్టి ఆశ్చర్యపరచాలని ఒక చిన్న ఆశ. ఆ ఊపులోనే 'సమస్తం'లో స్టూలు ధర మూడోతరం ధర కంటే కిందికి దించేశాడు. ప్రారంభంలో కొంత నష్టం పెట్టుబడి కిందే లెక్క అని ఎక్కడో విన్నాడు. ఎవరికి పెట్టుబడి అన్నది వినలేదు.

మధ్యాహ్నం ఫోను 'టింగ్' మంది. 'సమస్తం'కి మొట్టమొదటి ఆర్డరు వచ్చింది. తెరిచి చూస్తే, కొన్నది ఆయన భార్య. చిరునామా వాళ్ల ఇల్లే.

ఆయనకు కళ్లు చెమర్చాయి. పైకి ఎన్ని ఎత్తిపొడుపులు పొడిచినా, మొగుడు తన తమ్ముడి ముందు తల దించుకోకూడదని ఎవరికీ చెప్పకుండా ఒక స్టూలు కొన్నదన్నమాట. తనకు తెలిసిపోయిందని చెప్పి ఆవిడ గొప్పతనాన్ని చిన్నబుచ్చడం ఇష్టం లేక, ఆర్డరుని మూడోతరానికి పంపేసి, నేరుగా వంటింట్లోకి వెళ్లి ఆవిడ కడుగుతున్న గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు.

ఆవిడ కాసేపు చూసి, "ఏం పగలగొట్టారు?" అని అడిగింది.

ఏమీ లేదన్నాడు. ఆవిడ నమ్మక, ఇల్లంతా తిరిగి అద్దాలూ గ్లాసులూ చూసుకుని వచ్చింది. ఈలోగా ఫోను మళ్లీ 'టింగ్' మంది. మళ్లీ భార్యే, మళ్లీ ఒక స్టూలు. ఆయన దాన్నీ మూడోతరానికి పంపాడు. గిన్నెలయ్యేలోగా ఇంకొకటి వచ్చింది. ఇంత ప్రేమను చేత్తో పంపుతూ కూర్చోవడం తన వల్ల కాదనిపించి, వచ్చిన ఆర్డరు వచ్చినట్టే సప్లయర్‌కి వెళ్లిపోయేలా షాపులో ఒక మీట నొక్కి, ప్రశాంతంగా కునుకు తీశాడు.

లేచి చూసేసరికి ఫోను వేడెక్కి ఉంది. ఆర్డర్లు బారులు తీరి నిలబడ్డాయి. అన్నీ ఆవిడవే. మొదట గర్వం కలిగింది, తర్వాత కాస్త బెంగ పట్టుకుంది, ఆ తర్వాత కోపం వచ్చింది. ప్రేమ ఒక స్టూలుతో ఆగాలి. ఇన్ని స్టూళ్లంటే జాలి. తనమీద ఇంత జాలి పడుతోందా? కానీ నెలాఖరు గుర్తుకొచ్చి, జాలిని పక్కన పెట్టి బావమరిదికి ఫోను చేశాడు.

"స్టూలు అమ్మడం చేతకాదన్నావుగా. వచ్చి చూసుకో" అన్నాడు.

షాపు కట్టేసి వస్తున్నానన్నాడు బావమరిది. భార్య చెయ్యి చాచి ఫోను అందుకుంది. "ఒరే, వచ్చేటప్పుడు గోడౌనులోంచి ఒక స్టూలు పట్టుకురా. ఈ బకెట్ మీంచి పడి ఎప్పుడో నడుం విరిగేట్టుంది" అని చెప్పి పెట్టేసింది.

ఇంక ఆయన తట్టుకోలేకపోయాడు. "అసలు నీకు ఎన్ని స్టూళ్లు కావాలే?" అన్నాడు.

"ఒక్కటి. పెళ్లయిన కొత్తలో అడిగాను."

"మరి నా షాపులో అన్నెందుకు కొన్నావు?"

"నేనా? దేంతో కొంటాను? నా ఫోను రిపేరు షాపులో ఉంది. ఇచ్చొచ్చింది మీరే, తెస్తానని మరిచిపోయిందీ మీరే."

ఆయన గోడకు చేరగిలబడ్డాడు. పొద్దుటి నుంచి గుండెలో వెచ్చగా ఉన్నదేదో చప్పగా చల్లారిపోయింది. నష్టం గురించి కాదు, ఆ మొదటి ఆర్డరు గురించే ఆయనకు దిగులేసింది.

"అంటే నువ్వు ఒక్కటి కూడా కొనలేదా?" అన్నాడు మెల్లగా.

ఆవిడకు ఆ గొంతు విని మనసు చివుక్కుమంది. "అక్కడ నిజంగా స్టూలుంటే కొనేదాన్నేనండీ" అంటూ ఫోను తీసుకుని, ఆయన చెప్పిన నెంబరుకి తనే చేసింది.

మూడోతరం ఎత్తగానే ఆవిడ ఫ్యాక్టరీ గురించి అడగలేదు. స్టూలు ఎక్కడుందని అడిగింది. అతను మూడు తరాల చరిత్ర ఎత్తుకున్నాడు. ఆవిడ మళ్లీ స్టూలు ఎక్కడుందనే అడిగింది. నాలుగోసారికి అతను నీరుగారిపోయాడు. తనకూ ఒక సప్లయర్ ఉన్నాడనీ, అతనిది అంతా ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ అనీ, ఫ్యాక్టరీ అతనిదే అయి ఉంటుందనీ చెప్పాడు. ఆ ఎక్స్‌పోర్ట్ క్వాలిటీని కూడా అదే ఫోనులోకి కలిపారు. అతని దగ్గరా స్టూలు లేదు.

"మేమూ బయటి నుంచే తెప్పిస్తామమ్మా" అన్నాడతను. "నిన్నటిదాకా వేరేచోట కొనేవాళ్లం. ఈ పొద్దున మా కంప్యూటరు కొత్త షాపు ఒకటి పట్టింది. మార్కెట్‌లో అందరికంటే తక్కువ. పిచ్చివాడెవడో నష్టానికి అమ్ముతున్నాడు. పేరు సమస్తం."

ప్రొప్రైటరు మూడోతరం దగ్గర, మూడోతరం ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ దగ్గర, ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ ప్రొప్రైటరు దగ్గర కొన్నారు. పొద్దున భార్య పేరు మీద పెట్టిన ఆ ఒక్క శాంపిల్ ఆర్డరే ముగ్గురి చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ, తిరిగినప్పుడల్లా మిగతా ఇద్దరికీ లాభం, ఆయనకు నష్టం పంచిపెట్టింది. ఫొటో కూడా అంతకుముందే అలాగే ఆయన షాపులోంచి బయల్దేరి ఇద్దరి చేతులూ మారి, ఆకుపచ్చ చుక్క చెరక్కుండా ఆయన దగ్గరికే తిరిగొచ్చి, ఆయన్నే పులకరింపజేసింది.

"అయితే స్టూలు ఎవరి దగ్గరుంది?" అంది భార్య.

అవతల కుక్కరు ఒక కూత వేసింది.

సరిగ్గా అప్పుడే బావమరిది గుమ్మంలోకి వచ్చి, చంకలోని మడత స్టూలు తీసి గదిమధ్య టపీమని నిలబెట్టాడు. ప్రొప్రైటరు ఎడమ కాలు చూశాడు. ఆకుపచ్చ చుక్క ఉంది. గోడౌను తలుపుకి రంగు వేయిస్తున్నప్పుడు పడిన చుక్క. ఏళ్ల తరబడి ఆయన కూర్చున్న స్టూలే అది.

జరిగింది విన్నాక బావమరిది నవ్వడం మొదలుపెట్టి కూలబడబోయాడు, స్టూలు ఉండబట్టి సరిపోయింది. ఫోనులో స్టూలు కిర్రుమన్న చప్పుడు వినేసరికి మూడోతరం గొంతు మారిపోయింది. "సార్, అక్కడ నిజంగా స్టూలుందా? చేత్తో ముట్టుకున్నారా?" అన్నాడు. ఉందని, గోడౌనులో ఇంకా ఐదు గ్రోసులున్నాయని ప్రొప్రైటరు చెప్పాడు. ఇన్ని ఏళ్ల వ్యాపారంలో సరుకున్న మనిషితో మాట్లాడటం ఇదే మొదటిసారని ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ గద్గదంగా అన్నాడు. ఇద్దరూ పోటీపడి, తమకు మాత్రమే అమ్మాలని బతిమాలారు. బావమరిది నవ్వు ఆగిపోయింది. గ్రోసు అన్న మాట ఆ ఇంట్లో తిట్టుగా కాక మరోలా వినబడటం అదే మొదలు.

తిరుగుతున్న ఆర్డర్లన్నీ రద్దయ్యాయి. నష్టం రద్దు కాలేదు. పందెం ప్రకారం ఒక్క మనిషి చేతికీ ఒక్క వస్తువూ చేరలేదు కాబట్టి ప్రొప్రైటరు మర్నాడు వెళ్లి బావమరిది షాపులో కూర్చున్నాడు. కాకపోతే మేకుల దగ్గర కాదు, గోడౌనులో. బోర్డు కూడా పట్టుకెళ్లి అక్కడే బిగించుకున్నాడు, బావమరిది మేకులు అందించాడు. భార్య కోసం తెచ్చిన స్టూలుని, ఫొటోలో ఉన్నది అదే కాబట్టి, మూడోతరానికీ ఎక్స్‌పోర్ట్ క్వాలిటీకీ పంపే వీడియోలో చూపించడానికి ఆ ఉదయమే వెంట తీసుకుపోయాడు. గోడౌను చూపిస్తూ నడుస్తుండగా ఏళ్లనాటి దుమ్ము ముక్కులోకి పోయి ఆయన గట్టిగా తుమ్మాడు. మళ్లీ తియ్యడం ఎందుకని అలాగే పంపేశాడు.

స్టూళ్లు కదిలాయి. ఆ ఉత్సాహంతో ఆయన కొత్త షాపులవాళ్లకూ ఆ వీడియో పంపాడు. వారం తిరక్కుండా జవాబులు వచ్చాయి. ఈ తుమ్మే మనిషిని ఇదివరకే నాలుగు చోట్ల చూశామనీ, ఇలాంటి దొంగ గోడౌనులకు మోసపోయేవాళ్లం కాదనీ, తమకు జెన్యూన్ సప్లయర్ మాత్రమే కావాలనీ రాశారు. అప్పటికే మూడోతరం, ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ ఆయన వీడియోని తమ సొంత గోడౌనుగా ఊరంతా పంచిపెట్టారు.

ఆయన ఇంటికొచ్చి ఇదంతా భార్యకు చెప్పుకుని బాధపడ్డాడు. లోకంలో నిజంగా సరుకున్నవాడికి విలువ లేదన్నాడు. ఆవిడ బకెట్ మీద నిలబడి డబ్బా లాక్కుంటూ అంతా విన్నది.

"పోనీ ఒక శాంపిల్ తెప్పించుకుని చూడమనండి" అంది. "నేనూ దానికోసమే చూస్తున్నాను."

ఆయన సిగ్గుపడి, వెంటనే ఫోను తీసి, ఆవిడ పేరు మీద మూడోతరానికి ఒక స్టూలు ఆర్డరు పెట్టాడు.