రిబ్బను కట్టిన ఫైరింజను

ఆ రోజు పదింటికి కొత్త ఫైరింజను ప్రారంభోత్సవం. మున్సిపల్ చైర్‌పర్సన్‌గారు వస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతారు. అంతకు మించి ఏమీ జరగకూడదని స్టేషను ఆఫీసరు తెల్లవారుతూనే గట్టిగా నిర్ణయించుకున్నాడు.

ఆ బండి కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు, పట్టుకోని కాళ్ళు లేవు. పక్క ఊరి ఫైర్‌స్టేషన్లో ఆఫీసరు స్వయానా ఆయన తోడల్లుడు. అతనికీ ఈ బండి మీదే కన్ను. ఇంతకు ముందొకసారి ఇక్కడికి కొత్త పంపు వస్తే, ప్రారంభోత్సవం కాకముందే వాడేశారని పైవాళ్ళకు కోపం వచ్చి, దాన్ని తీసుకెళ్ళి ఆ తోడల్లుడికే ఇచ్చారు. అప్పటినుంచీ అత్తవారింట్లో ఇద్దరూ పక్కపక్కన భోజనానికి కూర్చున్న ప్రతిసారీ తోడల్లుడు ఆ పంపు గుణగణాలను ప్రేమగా వర్ణించేవాడు. ఆఫీసరుకు ముద్ద దిగేది కాదు.

అందుకే ఈసారి ఏ లోటూ రానివ్వలేదు. షెడ్డులో ఒక్క బండికే చోటు కనుక పాతదాన్ని ముందురోజే తుక్కుకు పంపేశాడు. కొత్తదాని సీట్ల మీది ప్లాస్టిక్ తొడుగులు తియ్యనివ్వలేదు. గొట్టాలూ గొడ్డళ్ళూ కంపెనీవాళ్ళు టేపు చుట్టిన అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. లోపలికి ఎక్కాలంటే బూట్లు విప్పాలి. అన్నిటికీ మించి, బండి చుట్టూ తలుపుల మీదుగా ఎర్ర రిబ్బను బిగించి ముడి వేశాడు.

పది దాటింది. చైర్‌పర్సన్‌గారి జాడ లేదు. ఆఫీసరు గేటుకూ షెడ్డుకూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతుండగా ఫోను మోగింది. ఆపరేటరు అమ్మాయి తీసింది.

"సార్, ఎవరిదో వంటిల్లు అంటుకుందట. వెంటనే రమ్మంటున్నారు."

"ప్రారంభోత్సవం అవగానే వచ్చేస్తామని చెప్పు."

"చెప్పాను సార్. ఎప్పుడవుతుందని అడుగుతున్నారు."

"చైర్‌పర్సన్‌గారు రాగానే."

ఆ అమ్మాయి ఆ మాట ఫోనులో చెప్పి, అవతలి మాట విని, రిసీవరును అరచేత్తో మూసింది. "ఆవిడ రాలేరట సార్. ఇల్లు ఆవిడదే. మాట్లాడుతున్నదీ ఆవిడే."

ఆఫీసరు లెక్క వేసుకున్నాడు. మంట ఆర్పాలంటే బండి కావాలి. బండి వాడాలంటే రిబ్బను తెగాలి. తెంపవలసిన మనిషి మంట దగ్గర ఉన్నారు. ఎటు తిప్పి చూసినా దారి దొరకలేదు.

"నేను తెంపేస్తాను సార్," అన్నాడు డ్రైవరు. "అవతల కొంప అంటుకుంటే రిబ్బనేంటి?"

"తెంపావంటే బండి మా తోడల్లుడి పాలవుతుందయ్యా! రిబ్బను ఉండగానే అక్కడికి తీసుకెళ్దాం. ఆవిడే కత్తిరిస్తారు."

తలుపులు తెరిస్తే రిబ్బను తెగుతుంది కనుక అందరూ బూట్లు చేత్తో పట్టుకుని కిటికీలోంచి దూరారు. కాస్త భారీ మనిషి ఒకడు నడుము దగ్గర ఇరుక్కుంటే, లోపలివాళ్ళు లాగి, బయటివాళ్ళు తోసి ఎక్కించారు. గాలికి రిబ్బను తెగుతుందేమోనని ఆఫీసరు బండిని నడక వేగం దాటనివ్వలేదు. సైరను మాత్రం ఘనంగా మోగింది. ఒక సైకిలాయన గౌరవంగా పక్కకు తప్పుకుని, కాసేపు చూసి, దాటుకుని వెళ్ళిపోయాడు.

ఇల్లు రెండు వీధుల అవతలే. వీళ్ళు చేరేసరికి చైర్‌పర్సన్‌గారు మసి పట్టిన ముఖంతో వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆఫీసరు కిటికీలోంచి దిగి, సెల్యూట్ చేసి, కత్తెర ఉన్న పళ్ళెం చాచాడు.

"ఏమిటిది?" అన్నారావిడ.

"ముందు రిబ్బను మేడమ్."

ఆవిడ ఆయన ముఖంలోకి చూస్తూనే కత్తిరించారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ తర్వాత అట్టపెట్టెల టేపు కొయ్యడం మొదలైంది. మొదటి పెట్టెలో హెల్మెట్లు, రెండోదాంట్లో గొడ్డళ్ళు, మూడోదాంట్లో మళ్ళీ హెల్మెట్లు వచ్చాయి. గొట్టం బయటపడేసరికి చుట్టుపక్కలవాళ్ళు బకెట్లతో, చైర్‌పర్సన్‌గారి అత్తగారు తడిదుప్పట్లతో మంట ఆర్పేశారు. ముసలావిడ మెట్టు మీద కూలబడి, నల్లబడిన వంటింటి వంక చూస్తోంది. అది చూశాక ఆఫీసరుకు బండీ గుర్తు రాలేదు, తోడల్లుడూ గుర్తు రాలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"తప్పు నాదే మేడమ్. సస్పెండ్ చెయ్యండి."

"సస్పెండ్ ఎందుకు? నా చేత్తోనే ప్రారంభించాలన్నారు, ప్రారంభించాను. మిమ్మల్ని నేనేమీ అనను." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. "బండి మాత్రం రేపట్నుంచి పక్క ఊళ్ళో ఉంటుంది."

"మేడమ్, అక్కణ్ణుంచి ఇక్కడికి రావాలంటే అరగంట పడుతుంది!"

"మీకెంత పట్టింది?"

ఆఫీసరు వాచీ చూసుకుని, తోడల్లుడికి ఫోను చేసి, షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు.