మనోధైర్యానికి మోడల్ ఆన్సర్

ఆ ఉదయం క్రీడల సైకాలజిస్టు ఫణికిరణ్ వేసుకున్న ప్లాను చిన్నదే. ఏలూరులో బస్సెక్కి కైకలూరు వెళ్లాలి, పన్నెండు మంది కబడ్డీ అమ్మాయిల మనోధైర్యం కొలవాలి, సాయంత్రానికి తిరిగొచ్చేయాలి. వస్తే ఎదురుచూసేవాళ్లెవరూ లేరు. మూడేళ్లుగా అద్దె గదిలో అతనితో మాట్లాడేది ఫ్యాను ఒక్కటే.

పరాయి దేశాల ప్రశ్నలు మన పిల్లలకు నప్పవని, తెలుగులో తానే ప్రశ్నపత్రం తయారు చేశాడు. అందులో వందకు అరవై మార్కులు రానివాళ్లను ఎంపిక కమిటీ రాష్ట్ర పోటీలకు పంపదు. ఎలా నింపాలో చూపించడానికి బస్సులో ఒకటి తానే నింపాడు. 'ఓడిన రోజు ఎవరితో చెప్పుకుంటారు?' ఎవరితోనూ చెప్పుకోను. 'మీరు గెలిస్తే మొదట సంతోషించేదెవరు?' ఎవరూ లేరు. ఇన్నాళ్లకు ఎవరో తనను అడిగినట్టనిపించి నిజమే రాసేశాడు. అడిగిందీ తానేనని కైకలూరులో దిగాక గుర్తొచ్చింది.

అయినా ఆ కాగితాన్నే నమూనాగా అమ్మాయిల ముందు పెట్టాడు. గంటలో పన్నెండు కాగితాలూ వచ్చాయి. అందరికీ ముప్ఫై ఒకటే! తనలాంటివాళ్లు ఇంకో పన్నెండు మంది ఉన్నారని, పాపం, అతనికి కాస్త సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషంలో, మాటలు సైతం తనవేనని గమనించలేదు. కోచ్ దేవరాజు మార్కులు కమిటీకి మెయిల్ చేసి, కాగితాలు చదివి నీరుగారిపోయాడు.

"మా పిల్లలు లోపల ఇంత ఏడుస్తున్నారాండీ!" అంటూ ఇళ్లకు ఫోన్లు చేశాడు.

పన్నెండు మంది తల్లులూ చెరువుల దగ్గర పనులొదిలి, అన్నం క్యారియర్లతో పరుగెత్తుకొచ్చారు. అఖిల తల్లి రాజ్యం కూతుర్ని నిలదీసింది. "ఎవరూ లేరా నీకు? రోజూ జడేసేదెవరే?"

"సార్ రాసిందే దించామమ్మా. మోడల్ ఆన్సరిచ్చాక వేరేలా రాస్తే సార్‌ని తప్పుపట్టినట్టు కాదా?"

అందరూ ఫణికిరణ్ వైపు తిరిగారు. అతనికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఏవండీ, ఆ మార్కులు పంపేశానండీ! పిల్లలు పోటీలకెలా వెళ్తారండీ?" అన్నాడు దేవరాజు.

ఫణికిరణ్ పెన్ను తీసి, బస్సులో నింపిన కాగితం మీద 'ఈ సమాధానాలన్నీ నావి' అని రాసి సంతకం చేశాడు. అంత బరువైన వాక్యం అతను థీసిస్‌లో కూడా రాయలేదు. అమ్మాయిలు మళ్లీ రాస్తే ఎవరికీ ఎనభైకి తగ్గలేదు. దేవరాజు కొత్త మార్కులతో పాటు ఆ సంతకం కాగితాన్నీ కమిటీకి పంపాడు.

అన్నాలు తింటుండగానే కమిటీ జవాబొచ్చింది. పన్నెండు మందీ ఎంపికయ్యారు. పదమూడో క్రీడాకారిణి ఫణికిరణ్‌ను మాత్రం, ఇంటివాళ్ల సంతకంతో కౌన్సెలింగ్‌కు పంపాలట.

"నాకు... ఇంట్లో ఎవరూ లేరండీ," అన్నాడతను. పైకి అనడం అదే మొదలు.

రాజ్యం అతని విస్తట్లో మరో చేపముక్క వేసి, "అఖిలా, ఆ పెన్నిలా ఇయ్యవే," అంది.

ఒక్క సంతకం చాలన్నచోట పన్నెండు పడ్డాయి.