వంద ఎంబీపీఎస్ వంతు

ప్రొద్దుటూరులో ఇకమీదట ఏ ఇంటి తెరమీదా చక్రం తిరగదని, తిరిగితే తాను రాజకీయాల నుంచి తప్పుకుంటానని మెరుపు నెట్ అధినేత, అధికార పార్టీ వార్డు ఇన్‌చార్జి నాగేంద్రన్న మైకు పగిలిపోయేలా ప్రకటించారు. ఇంటింటికీ వంద ఎంబీపీఎస్ స్పీడు! వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఆ వంద మనిషెత్తు ఉంది. దాని వెంట 'వరకు' అన్న చిన్న మాట కూడా ఉంది. అన్న నిజాయితీపరులు కాబట్టి దాన్ని తీసెయ్యలేదు, తన ఫొటోలో బూట్ల కింద సర్దారు.

ఆ సభలో చప్పట్లు కొట్టినవాళ్లలో ప్రత్యూష ఉంది. మనస్ఫూర్తిగానే కొట్టింది. ఇడుపులపాయలో ఇంజనీరింగ్ ముగించి వచ్చినప్పటి నుంచి ఉద్యోగం అందినట్టే అంది జారిపోతోంది. ఇంటర్వ్యూ మంచి రసపట్టులో ఉండగా తెరమీద ఆమె ముఖం నోరు తెరుచుకుని బిగుసుకుపోయేది. సెల్‌ఫోన్ సిగ్నలు ఆ వీధిలో మిద్దెక్కితేనే వస్తుంది, అదీ మాటకు తప్ప వీడియోకు చాలదు. ఇప్పుడొక బెంగళూరు కంపెనీ ఆమెను ఆఖరి ఇంటర్వ్యూ దాకా రానిచ్చింది. గురువారం పదకొండు గంటలకు. ఆఫీసు పేరుకే బెంగళూరులో ఉంది, పనిచేసేవాళ్లంతా ఎవరి ఇళ్లలో వాళ్లు కూర్చుని చేస్తారు.

ప్రత్యూష ఇంట్లో స్పీడు కొలిచి చూసింది. నాలుగు. బాగా కొలుద్దామని ఇంకోసారి చూస్తే మూడు. తండ్రి విశ్వేశ్వరయ్య, రిటైరైన తెలుగు పంతులు, కూతురిని వెంటబెట్టుకుని నాగేంద్రన్న ఆఫీసుకు పోయాడు.

"వంద అంటివి కదప్పా, మాకు నాలుగే వస్తాంది."

నాగేంద్రన్నకు కోపం రాలేదు. గొప్పవాళ్లకు రాదు. "అయ్యోరా, మీ వార్డుకు వంద వదుల్తాండా. దేవుని మీద ఒట్టు. అందరూ ఒకేసారి సీరియళ్లు పెట్టుకుంటే నేనేం చేసేది?"

"వార్డుకంతా కలిపి వందా?" ప్రత్యూష అడిగింది. "ఇంటింటికీ అని రాసినారు కదన్నా!"

"ఇంటింటికీ పోయేది ఆ వందే పాపా."

ఇంత చక్కని సమాధానం తర్వాత అడగడానికి ఎవరికైనా ఏముంటుంది? అయినా ఆ పిల్ల కళ్లు చూసి అన్న మనసు కరిగింది. ఆయనది రాజుపాలెంలో కాలువ చివరి పొలం. నీళ్లు అందని బాధ చిన్నప్పటి నుంచీ తెలుసు. కళ్లు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి దేశానికి కొత్త దారి దొరికింది.

"కాలవ నీళ్లకు ఏం చేస్తాము? వంతు పెడ్తాము. ఒకని మడి తడిసేదాకా మిగిలినోళ్లు మూసుకుంటారు. నెట్టుకూ అదే!"

మర్నాటి నుంచి లైన్‌మన్ ఉస్మాన్, చెరువు నీళ్లు పంచే నీరుగంటిలాగా, స్తంభానికి నిచ్చెన వేసుకుని కూర్చున్నాడు. ఒక ఇంటి వైరు పెట్టి మిగతావి పీకడం అతని పని. వంతు వచ్చిన ఇంట్లో నిజంగానే వంద వచ్చింది. మెషిన్ కుట్టే హసీనాకు తెల్లవారుజామున వచ్చింది. ఆమె లేచి, అంత స్పీడుతో ఏం చెయ్యాలో తోచక, ఈరోజు వాన పడుతుందా అని చూసి మళ్లీ పడుకుంది. "పడదని శానా ఫాస్టుగా చెప్పిందిమా" అని పొద్దున అందరికీ చెప్పి మెచ్చుకుంది. రెండు వీధుల వాళ్లు ఒకరి వంతులో ఇంకొకరు వైరు దూర్చారని కట్టెలు పట్టుకున్నారు గానీ, పొలం గట్టు మీదయితే అంతకంటే పెద్ద గొడవే అయ్యేదని అన్న ఓదార్చారు.

ప్రత్యూషకు వంతు గురువారం సాయంత్రం పడింది. ఒక్కతే అన్న ఆఫీసుకు పరుగున వెళ్లింది.

"పదకొండుకు మార్పించన్నా. ఇది గూడా పోతే నాకింక ధైర్యం లేదు." చున్నీతో కళ్లొత్తుకుంది.

"ఏడ్చొద్దు పాపా. నీ కోసం నీ వార్డే కాదు, ప్రొద్దుటూరంతా కట్టేస్తా. ఒక్క బొట్టు యాడికీ పోదు."

మాట నిలబెట్టుకున్నారు. గురువారం పదిన్నరకే విలేకరులతో వచ్చి, రూటర్‌కు పూలదండ వేసి, స్పీడు కొలిపించారు. వంద! ప్రత్యూష వాళ్లమ్మ ఇందిర అందరికీ కాఫీలు ఇచ్చింది. పదకొండుకు ప్రత్యూష నొక్కగానే ఇంటర్వ్యూ తెర విచ్చుకుంది. ఆమె ముఖం అద్దంలో కంటే స్పష్టంగా కనిపించింది. అవతలి గడి ఖాళీగా ఉంది. 'మేనేజరు గారు ఇంకా చేరలేదు' అని రాసి ఉంది.

పదీ పదిహేను నిమిషాలు గడిచాయి. అప్పుడు వెనక వీధి మిద్దె మీద నుంచి ఎవరో గట్టిగా అరిచారు. ప్రత్యూష కిటికీలోంచి చూసింది. పైన కోటు, టై, కింద లుంగీ కట్టుకున్న మనిషి లాప్‌టాప్ ఆకాశానికి ఎత్తి నిలబడి ఉన్నాడు.

"ఓ ఉస్మానూ! నెట్ ఏమాయప్పా? పదకొండుకు నేనొక పాపను ఇంటర్వ్యూ చెయ్యాల. ప్రత్యూష అని!"

"ఊరంతా బంద్ సుధన్వ సారూ!" నిచ్చెన మీద నుంచి ఉస్మాన్ బదులిచ్చాడు.

ప్రత్యూష కిటికీ ఊచలు పట్టుకుంది. "సార్! నేనే సార్ ప్రత్యూష!"

సుధన్వ చుట్టూ చూసి ఆమెను కనిపెట్టాడు. "గోడ మీద నుంచి చేసినా, మీ ఇంటికొచ్చి చేసినా కంపెనీ ఒప్పుకోదమ్మా. రికార్డు కావాల. పన్నెండుకు ఇంకొకర్ని చూడాల నేను."

ఆమె గిరుక్కున తిరిగింది. "అన్నా, ఆ సారుకు గూడా వైరు పెట్టించన్నా! అర్ధగంట చాలు!"

నాగేంద్రన్న విలేకరుల వైపు, మిద్దె వైపు చూసి, బాధగా తల అడ్డంగా ఊపారు.

"ఆయన వంతు శనివారం పాపా. తెలిసినోళ్లని ఇస్తే రేపు ఊరు నన్ను ఏమంటాది?" అని, ఆమెను మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు తుడుచుకోమని తన కండువా ఇచ్చారు. "నువ్వు లేయొద్దు. వంద అట్లే వస్తాంది, వాడుకో. నీ టైం ఇంకా శానా ఉంది."