మాంత్రికుడి ఎడమ చెంప

"అక్కా, ఈ లోకంలో బుర్ర ఉన్నవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకడు ఈ నేరం చేసినవాడు. రెండోవాడు వాణ్ని పట్టుకోబోయే నేను!" అన్నాడు భూతద్దం, వంటగది గడప మీద ఒక కాలు పెట్టి.

"ముందా కాలు తియ్యి. ఇప్పుడే తడిగుడ్డ పెట్టాను" అంది అక్క.

కాలు తీశాడు. మహామేధావులకి సొంత అక్కల దగ్గర ఇంతకంటే మర్యాద దక్కదని అతనికి ఎప్పుడో అర్థమైంది.

భూతద్దం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అతను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాడు. అక్కడ అంచు విరిగిందని పక్కన పడేసిన ఒక పెద్ద అద్దానికి పిడి బిగించి జేబులో వేసుకున్న నాడే డిటెక్టివ్ అయ్యాడు, వీధి మొత్తానికీ భూతద్దం అయ్యాడు. ఇంతవరకూ అతను తేల్చిన కేసులు రెండు రకాలు. పోయిన వస్తువు మంచం కిందే దొరికినవి కొన్ని, అసలు ఏమీ పోనివి కొన్ని. ఆ సంగతి అతనికీ తెలుసు. ఒంటరిగా ఉన్నప్పుడు తలుచుకుని నవ్వుకుంటాడు కూడా. నవ్వుకుని, మళ్లీ అద్దం తుడుచుకుంటాడు.

కానీ ఈసారి పోయింది నిజంగానే పోయింది. బావ చేసిన మాస్కు.

బావ ఉద్యోగం కట్టుడు పళ్లు తయారుచెయ్యడం. పగలంతా జనం నోళ్లకి అచ్చులు పోసి, ఇంటికొచ్చి సినిమాల్లోని ముఖాలకి అచ్చులు పోస్తాడు. వెనకగది నిండా కిరీటాలు, కోరలు, కత్తులు. సినిమాలో కత్తికి ఎక్కడ సొట్ట ఉందో ఇక్కడా అక్కడే సొట్ట ఉండాలి. కొత్త కత్తి చెయ్యడానికి పడే కష్టం ఒకటైతే, దాన్ని పాతదిగా చెయ్యడానికి అంతకి రెట్టింపు కష్టపడే మనిషి.

వాటన్నిటిలోకీ ఆయన ప్రాణం ఒక పాత సినిమాలోని మాంత్రికుడి మాస్కు. చిన్నప్పుడు సినిమా హాల్లో ఆ ముఖం చూసి బావ కుర్చీ కింద దూరాడట. అదే ముఖాన్ని, సినిమా ఆపి ఆపి చూసుకుంటూ, ఇన్నేళ్లకి రబ్బరు పాలతో పోశాడు. కనుబొమల్లో ఒక్కో వెంట్రుకా సూదితో గుచ్చాడు. రేపు ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లందరి ప్రదర్శన. సినిమాకి అసలు మాస్కు చేసిన పెద్దాయన చూడ్డానికి వస్తున్నాడు. ఒంట్లో బాగుండటం లేదనీ, ఇక ఇల్లు కదలననీ, ఇదే ఆఖరనీ చెప్పి మరీ వస్తున్నాడు. ఆయన నోటి నుంచి ఒక్క మాట వింటే చాలని బావ ఆశ. తీరా పొద్దున్నే చూస్తే మాస్కు లేదు.

"తలతో సహా ఎత్తుకుపోయారు బామ్మర్దీ" అన్నాడు బావ, స్టూలు మీద కూలబడి. రబ్బరు మాస్కు ఊరికే పడేస్తే ముఖం జారిపోతుంది. అందుకే ప్రతిదాన్నీ ఒక ప్లాస్టర్ తలకి తొడిగి అరలో పెడతాడు. ఆ తలల వరసలో ఒక తల తగ్గింది.

'తలతో సహా' అనగానే భూతద్దం మనసులో ఏదో మెదిలింది. ఇంత పెద్ద కేసులో చిన్న చిన్న విషయాలు పట్టించుకోకూడదని దాన్ని అణిచేశాడు.

"ఎవరూ కదలొద్దు! ఈ గది ఇక నా అధీనంలో ఉంది" అని నేలమీద బోర్లా పడుకున్నాడు. వెంటనే కెవ్వుమన్నాడు. "బావా! బల్ల కింద చెయ్యి! తెగిన చెయ్యి!"

"అది నాదే."

"మీ చేతులు మీకే ఉన్నాయి కదా బావా?"

"నా చెయ్యి అచ్చు తీసి పోసింది. అక్కడే పెట్టు, ఇంకా గోళ్లకి రంగు వెయ్యాలి."

తరవాత రక్తం దొరికింది. భూతద్దం వేలితో తీసి, నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. "తియ్యగా ఉంది. దొంగకి గాయమైంది. పైగా వాడికి షుగర్ ఉంది!"

"అది పంచదార పాకంలో ఎర్రరంగు..." అని బావ అనబోయాడు.

"మధ్యలో మాట్లాడకండి, ఆలోచన తెగిపోతుంది."

అరకి ఎదురుగా ప్లాస్టర్ పొడిలో చెప్పు ముద్ర ఉంది. కొలిచి చూస్తే అచ్చం అతని చెప్పంతే ఉంది. భూతద్దం పళ్లు కొరికాడు. "ఎంతకి తెగించాడు! నా చెప్పులే వేసుకుని వచ్చాడు!"

తలుపు దగ్గర నిలబడ్డ అక్క తల బాదుకుంది. వెళ్లబోతూ అతను అర వైపు ఒకసారి అద్దం పెట్టి చూశాడు. ముసలమ్మ మాస్కు ఈమధ్య కాస్త ఒళ్లు చేసినట్టు కనిపించింది. వయసు మీద పడితే అంతే అనుకున్నాడు.

వీధిలో షుగర్ ఉన్నది టైలర్‌కి. పైగా ఆయన కూడా రేపటి ప్రదర్శనకి ఏదో సినిమా సేనాపతి కోటు కుడుతున్నాడు. భూతద్దం నేరుగా దుకాణంలోకి దూరి, మిషను మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు.

"మీకు షుగర్ ఉంది కదూ?"

"ఉంది. అయితే?"

"అంటే మీ రక్తం తియ్యగా ఉంటుందన్నమాట."

"ఏం, తాగి చూస్తావా?"

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"ఇక్కడే. నీ ప్యాంటు వెనకాల కుట్లు వేస్తున్నాను. నువ్వు ఆ తెర వెనక తువ్వాలు చుట్టుకుని కూర్చుని, ఎవరైనా చూస్తున్నారా అని ఇందాకటి గొంతుతోనే అడిగావు. మర్చిపోయావా?"

భూతద్దం మిషను మీంచి చెయ్యి తీశాడు. సాక్ష్యం మరీ గట్టిగా ఉంది. కానీ అనుమానం ఒకసారి పుట్టాక ఇంత చిన్న కారణానికి చంపుకునే రకం కాదతను. మారువేషం వేసుకొచ్చి టైలర్ మీద నిఘా పెట్టాలని నిశ్చయించుకున్నాడు. ఇంట్లో అంత చక్కని ముసలమ్మ మాస్కు ఉండగా వేషానికి కొదవేముంది?

వెనకగదికి వచ్చి, అరలోంచి ముసలమ్మని దించి, చుబుకం కింద వేళ్లు దూర్చి లాగాడు. అది రాలేదు. కాలు అరకి తన్నిపెట్టి ఇంకాస్త గట్టిగా లాగాడు. ఫట్‌మని ముసలమ్మ ఊడి అతని చేతిలోకి వచ్చింది. దాని కింద నుంచి మాంత్రికుడు గుడ్లురిమి చూశాడు.

ఆ కేక విని బావ, అక్క పరుగెత్తుకొచ్చేసరికి డిటెక్టివ్ బల్ల కింద ఉన్నాడు, తెగిన చేతిని గట్టిగా పట్టుకుని.

"దొరికింది!" అని బావ మాస్కుని రెండు చేతులా పట్టుకున్నాడు. "దీని మీద ముసలమ్మని ఎవరు తొడిగారు?"

అక్క నింపాదిగా అడిగింది. "ఒరేయ్, నీ గది కిటికీలో టోపీ పెట్టుకుని కూర్చున్న తల ఎవరిదిరా?"

భూతద్దం బల్ల కింద నుంచే సమాధానం చెప్పాడు. ఆ తల ముసలమ్మది. తను బయటికి వెళ్లినా ఇంట్లోనే ఉన్నట్టు శత్రువులకి కనపడాలని నిన్న సాయంత్రం తీసుకెళ్లాడు. దాని మీంచి ఊడదీసిన మాస్కు ముఖం జారిపోతుందని బావకోసమే ఆలోచించి, దాన్ని పక్కనున్న తలకి తొడిగాడు.

"ఆ పక్క తలకి మాంత్రికుడు ఉన్నాడు కదరా! కళ్లు కనపడలేదా?"

"కళ్లు మూసుకుని తొడిగానక్కా" అన్నాడు చాలా చిన్నగా. "ఆ ముఖం చూస్తే నాకు భయం."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. కానీ బావ నవ్వలేదు. మాస్కుని వెలుగులోకి తిప్పి చూస్తున్నాడు. రాత్రంతా నలిగి ఎడమ చెంప మీద, కంటి కొస నుంచి పెదవి దాకా లోతుగా మడత పడింది. ఆవిరి పట్టాడు, వేళ్లతో సాగదీశాడు. మడత పోలేదు. "సినిమాలో ఇది లేదు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

భూతద్దం జన్మలో మొదటిసారి ఒక కేసు పూర్తిగా ఛేదించాడు. సొత్తు దొరికింది, దొంగ దొరికాడు. ఆ దొంగ మీద అతనికి పట్టరాని కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు అక్క మాస్కుని పెట్టెలో సర్ది ఇద్దరినీ బలవంతంగా బయల్దేరదీసింది. ఒక బడి హాల్లో బల్లలు వేశారు. పెద్దాయన చేతికర్ర ఊతంతో వచ్చి ఒక్కో బల్లా చూస్తున్నాడు. అన్నిటి దగ్గరా మర్యాదగా తల ఊపుతున్నాడు. బావ బల్ల దగ్గర ఆగిపోయాడు. ఊపడానికి ఎత్తిన తల అలాగే ఉండిపోయింది.

"ఈ మడత ఎక్కడిది?" అన్నాడు.

"క్షమించండి" అన్నాడు బావ. "నిన్న పొరపాటున..."

"పొరపాటా? నా మాస్కుకి ఇది ఇక్కడే ఉండేదయ్యా! షూటింగ్ మొదలుకాక ముందే పడింది. మళ్లీ చెయ్యడానికి టైము లేక, సినిమా అంతా ఎడమ చెంపని చీకట్లో పెట్టి తీశారు. ఆహా, ఏం లైటింగ్ అని జనం మెచ్చుకున్నారు. ఇది తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్నే. నీకెలా తెలిసింది?"

బావ పక్కకి తిరిగి, స్తంభం వెనక నక్కినవాణ్ని చెయ్యి పట్టి ముందుకి లాగాడు. "మా బావమరిదండీ. డిటెక్టివ్. ఇది వాడి పనే."

ఇలాంటి ఘడియ కోసం భూతద్దం ఎన్నాళ్లనుంచో ఒక ఉపన్యాసం తయారుగా పెట్టుకున్నాడు. తీరా ఇప్పుడు తల వంచుకుని తన చెప్పుల వైపే చూశాడు. పెద్దాయన అతన్ని పైనుంచి కిందికి చూసి, దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"దీని మీద ఇంకో మాస్కు తొడిగావు కదూ? కళ్లు మూసుకుని?"

"అవునండీ" అన్నాడు భూతద్దం. "మీకెలా తెలుసండీ?"

"నేనూ అలాగే తొడిగాను. నా చేత్తో చేసిందే, అయినా దానివైపు చూడలేకపోయేవాణ్ని." పెద్దాయన కర్ర పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, బల్లకి వీపు తిప్పి కూర్చున్నాడు. తల తిప్పకుండానే బావతో అన్నాడు, "బాబూ, దాని మీద ఏదైనా గుడ్డ కప్పుదూ. నేను కాస్త కాఫీ తాగాలి."

బావ గబగబా గుడ్డ కప్పాడు. తరవాత ఆ గుడ్డ కొసతోనే కళ్లు తుడుచుకున్నాడు.